చలికాలంలో తెల్లారుగట్ల పరుగు ఆగిపోతోంది: వైజాగ్‌లో ఫిబ్రవరి దాకా బయటే నడిపించేదెలా?

ఉషోదయ జంక్షన్:

అందరికీ నమస్కారం. ఎంవీపీ కాలనీ, వయసు 38. వారానికి నాలుగు పరుగులు. మూడు రోజులు 5–6 కిలోమీటర్లు, ఆదివారం 10. లాసన్స్ బే మీదుగా బీచ్ రోడ్డు. మే, జూన్‌లలో అలారం 4:40కి, 5 గంటలకల్లా రోడ్డు మీద. డిసెంబర్ రెండో వారానికి నాలుగు కాస్తా రెండవుతాయి, సంక్రాంతికి సున్నా. మళ్లీ మార్చిలో ఉక్కపోతలో మొదటి నుంచి మొదలు. ఏటా ఇదే వరస.

ట్రెడ్‌మిల్ వద్దు, బయటే పరిగెత్తాలి. చీకట్లోనే వెళ్లాలా, సాయంత్రానికి మార్చుకోవాలా? మంచులో తిరిగితే జలుబు, దగ్గు పట్టుకుంటాయని ఇంట్లో గొడవ, అందులో నిజమెంత? ఒంటిమీద ఏం వేసుకోవాలి? జనవరిలో గాలి బాగోదంటున్నారు, దాని సంగతేంటి? ఆఫీసు 9:30కి. పట్టుదల పెంచుకోమని మాత్రం చెప్పకండి, అది ఏటా పెంచుకుంటూనే ఉన్నా.

ఉప్పుగాలి:

ఉషోదయ గారూ, పట్టుదల లోపం కాదండి. జూన్ అలారంని జనవరిలో వాడుతున్నారు, అంతే.

మన ఊళ్లో జూన్ మొదట్లో సూర్యోదయం 5:20 ప్రాంతంలో. డిసెంబర్ 1కి 6:10, సంక్రాంతికి 6:30. డిసెంబర్ 21 దాటితే పొద్దు ముందుకొచ్చేస్తుందని చాలామంది అనుకుంటారు. పగలు పెరిగేది అప్పట్నుంచే గానీ, ఆ పెరుగుదల మొదట సాయంత్రం వైపు చేరుతుంది. ఉదయం మాత్రం జనవరి మూడో వారం దాకా ఆలస్యమవుతూనే పోతుంది. ఫిబ్రవరి ఆఖరుకి గానీ 6:15 దగ్గరకి రాదు. మీ పరుగు సరిగ్గా సంక్రాంతికే సున్నా అవడం యాదృచ్ఛికం కాదు.

4:40 అలారం జూన్‌లో సూర్యోదయానికి 40 నిమిషాల ముందు మోగుతోంది. జనవరిలో అదే అలారం 110 నిమిషాల ముందు. మనిషి ఒంటి వేడి మామూలుగా లేచే వేళకి సుమారు రెండు గంటల ముందు అన్నిటికన్నా కిందికి దిగుతుంది. ఆ పల్లంలోంచి లేవమంటే ఎవరికైనా దుప్పటి బరువెక్కుతుంది. పైగా చలి అని మనం పిలిచేది జనవరి రాత్రుల్లో 18–20 డిగ్రీలు. పరుగుకి ఏడాదిలో ఇంతకన్నా మంచి వాతావరణం ఈ ఊళ్లో దొరకదు. అడ్డం చీకటి, చలి కాదు.

కాబట్టి వేళ జరపండి. సూర్యోదయానికి 20 నిమిషాల ముందే రోడ్డు, గుంటలు కనిపించేంత వెలుగు వస్తుంది. డిసెంబర్ మొదటి వారంలో 5:50కి గుమ్మం దాటండి, సంక్రాంతి రోజుల్లో 6:10కి. పది రోజులకోసారి ఐదేసి నిమిషాలు జరుపుతూ పోతే చాలు. అలారం అంతకు 30 నిమిషాల ముందు, అంతకన్నా ముందు వద్దు. ఆ 30 నిమిషాల్లో ఏం చేయాలో ముందే తేలిపోయి ఉండాలి. లేవగానే ఆలోచన మొదలైతే ఆ రోజు పరుగు పోయినట్టే.

రాత్రి పడుకునే ముందు షూస్, సాక్స్, టీషర్టు, షార్ట్స్, తాళంచెవి ఒకే కుర్చీలో, వేసుకునే వరసలో. షూస్ లేసులు విప్పి నోరు తెరిచి పెట్టండి. వినడానికి చాదస్తంలా ఉంటుంది, చీకట్లో ముడి విప్పుకోవాల్సి వచ్చినప్పుడు అర్థమవుతుంది. ఫోన్ అలారం మంచానికి ఆరడుగుల దూరంలో. ఇంకో పని: ఎలక్ట్రికల్ షాపుల్లో ప్లగ్ టైమర్ దొరుకుతుంది, అక్వేరియం లైట్లకి వాడే గుండ్రటి ముళ్లది. దానికి ఓ టేబుల్ ల్యాంప్ తగిలించి అలారానికి 15 నిమిషాల ముందు వెలిగేలా ముళ్లు నొక్కేయండి. కళ్లమీద వెలుగు పడితే నిద్ర మత్తు అలారం మోగకముందే పలచబడుతుంది. అలారం పీకేస్తే నిద్ర తిరిగొస్తుంది, ల్యాంప్ ఆర్పాలంటే మాత్రం లేవాలి కదా.

లేచాక గ్లాసు నీళ్లు, కావాలంటే చిన్న కప్పు కాఫీ. వార్మప్ బయట కాదు, హాల్లోనే: నిలబడ్డ చోటే రెండు నిమిషాల నడక, గోడ పట్టుకుని ఒక్కో కాలు ముందుకీ వెనక్కీ 15 ఊపులు, పక్కకి 15, 10 గుంజీలు, ఒక్కో కాలికి 8 లంజెస్ (కాలు ముందుకేసి మోకాళ్లు వంచి కిందికి దిగి లేవడం), మెట్టు అంచున మడమలు ఎత్తుతూ దించుతూ 15. మొత్తం ఏడు నిమిషాలు. ఒళ్లు వేడెక్కి తలుపు తీస్తే బయట గాలి హాయిగా తగులుతుంది, చల్లటి ఒంటితో తీస్తే వెనక్కి లాగుతుంది. మొదటి కిలోమీటరు మీ మామూలు వేగం కన్నా నిమిషం నెమ్మదిగా. చలికాలం పిక్కలు పట్టేయడం చాలావరకు ఈ మొదటి కిలోమీటర్లో తొందర వల్లే.

వారం మధ్యలో కిలోమీటర్లు లెక్కపెట్టడం మానేసి నిమిషాలు పెట్టుకోండి. 35 నిమిషాలు, అంతే. 6:10కి దిగితే 6:45కి ఇల్లు, 9:30 ఆఫీసుకి ఇబ్బంది లేదు. అసలు బుద్ధి పుట్టని రోజు పది నిమిషాలు వెళ్లి తిరిగొచ్చేయండి, అది కూడా పరుగు కిందే లెక్క. వరసగా రెండు తప్పించడం మాత్రం కుదరదు. ఇంతకు మించి నియమాలు పెట్టుకుంటే అవే భారమవుతాయి.

పాతపోస్టాఫీసు:

పైన చెప్పింది బాగుంది. వేళ మార్చినా రోడ్డు సంగతి తెలుసుకోపోతే ఏటవుద్దంటే, ఓ జారుడు, ఓ బెణుకు, ఇక నెల రోజులు ఇంట్లోనే.

బీచ్ రోడ్డు వారన టైల్స్ పరిచిన చోట తెల్లారుజామున మంచు కురిసి సన్నటి నీటి పొర కడుతుంది. పొడిగా ఉన్నట్టే కనిపిస్తుంది, వేలితో రాస్తే గానీ తెలీదు. దాని మీద సముద్రం ఉప్పు, దుమ్ము కలిస్తే సబ్బు నురగే. రోడ్డు మీద తెల్ల పెయింటు గీతలు, డ్రైనేజీ మూతలు, రాలిన ఆకులు కూడా అంతే. అలాంటి చోట అడుగు చిన్నది చేసి, పాదం ఒంటి కిందే పడేలా వెయ్యాలి. అడుగు ముందుకి చాచి మడమ మీద దిగితేనే జారేది. పొద్దున్న వాహనాలు ఆపే బీచ్ రోడ్డు భాగంలో టైల్స్ వదిలేసి తారు మీదకి వచ్చేయండి. తారు రోడ్డు పట్టు ఇస్తుంది. దానికి వాలు ఉంటుంది కాబట్టి వెళ్లేప్పుడూ వచ్చేప్పుడూ ఒకే అంచు పట్టుకుంటే ఒక మోకాలే నొప్పెడుతుంది, నడిమధ్యకి జరగండి.

ధనుర్మాసం వచ్చిందంటే కాలనీ వీధుల్లో ఇంకోటి తోడవుద్ది: కళ్లాపి. ఐదున్నరకే వాకిళ్లు తడిపి ముగ్గులేస్తారు. సిమెంటు రోడ్డు మీద కళ్లాపి నీళ్లు మంచు కన్నా ఎక్కువ జారతాయి. వీధిలో ఉన్నంతసేపూ నడవండి, మెయిన్ రోడ్డు ఎక్కాకే పరుగు. ముగ్గు తొక్కితే పడే తిట్లు వేరే. మంచి సంగతేంటంటే ఆ నెల్లాళ్లూ వీధిలో మనుషులుంటారు, గుడి మైకు మోగుతుంటుంది, చీకటి అంత బిక్కుబిక్కుమనదు.

ఇసక మీద పరిగెడదామనుకుంటున్నారేమో. మెత్తటి ఇసకలో అదే వేగానికి గట్టి నేల కన్నా ఒకటిన్నర రెట్ల పైనే శక్తి ఖర్చవుద్ది, మడమ వెనక నరం మీద భారం. ఆటుకి నీరు వెనక్కెళ్లినప్పుడు గట్టిపడ్డ తడి ఇసక మీద పది నిమిషాలు చాలు, అదీ షూస్‌తోనే, గాజుపెంకులూ గాలాలూ ఉంటాయి. ఆటు రోజురోజుకీ సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతూ పోతుంది, ఇవాళ ఉన్న ఇసక నాలుగు రోజుల తర్వాత అదే టైముకి ఉండదు.

6 లోపు వెళ్లేవాళ్లు: నడుముకో ఛాతీకో మెరిసే బెల్టు, వెనక ఎర్రగా మినుకుమనే లైటు. నల్ల టీషర్టు వద్దు. వాహనాలు తిరిగే రోడ్డుమీద కుడి పక్కన, ఎదురొచ్చే బండి కనపడేలా వెళ్లాలి. చెవిలో ఒకటే ఇయర్‌ఫోన్.

కుక్కల గురించి ఎవరూ అడగరు గానీ అందరూ ఆగిపోయేది అక్కడే. గుంపు మొరిగితే పరుగు ఆపి నడవండి, కళ్లల్లోకి చూడకండి, వీపు తిప్పకండి, నెమ్మదిగా పక్కకి దాటండి. పరిగెడితే తరుముతాయి. కరిచినా, గీరినా కొళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి టీకా మొదటి డోసు వేయించుకోవాలి. పసుపూ కారమూ అద్దకండి. కేజీహెచ్‌లో (కింగ్ జార్జ్ ప్రభుత్వాసుపత్రి) ఆ టీకా వేస్తారు.

కంబాలకొండ:

బట్టలు, జలుబు, గాలి: ఈ మూడూ ఒకదానికొకటి ముడిపడ్డవి, కలిపే చెప్తాను.

మంచు వల్ల జలుబు రాదు. వైరస్ వల్ల వస్తుంది. చలికాలం కిటికీలు మూసుకుని అందరం ఒకే గదిలో దగ్గుకోవడం వల్ల ఎక్కువ పాకుతుంది. ఇంట్లోవాళ్లు చెప్పేదాంట్లో నిజం వేరే చోట ఉంది. పరుగయ్యాక తడిసిన టీషర్టుతో పదిహేను నిమిషాలు బీచ్‌లో కబుర్లు, ఆపైన అదే తడితో స్కూటర్ మీద ఇంటికి. 20 డిగ్రీల్లో కూడా తడి బట్టకి గాలి తగిలితే వణుకు పుడుతుంది, ఒళ్లు నొప్పులు వస్తాయి. స్కూటర్ డిక్కీలో పొడి టీషర్టు, పలచటి విండ్‌చీటర్, చిన్న తువ్వాలు పడేసి ఉంచండి. పరుగు ఆగిన ఐదు నిమిషాల్లో పైబట్ట మారాలి.

పరుగులో మాత్రం స్వెట్టర్, మంకీ క్యాప్, కాటన్ ఫుల్‌హ్యాండ్స్ ఏవీ వద్దు. గుమ్మంలో నిలబడ్డప్పుడు కాస్త చలిగా అనిపించాలి, అదే గుర్తు. అప్పుడే హాయిగా ఉందంటే రెండో కిలోమీటరుకి ఉడికిపోతారు. మామూలు పాలిస్టర్ హాఫ్‌హ్యాండ్స్ టీషర్టు, షార్ట్స్ చాలు. కాటన్ బనియన్ చెమట పీల్చి బరువెక్కి చంకల్లో ఒరుసుకుంటుంది, పొడవు పరుగు రోజు అక్కడ వాజలీన్ రాయండి. (వారాంతం అరకు, లంబసింగి వెళ్లి పరిగెత్తేవాళ్ల లెక్క వేరు. అక్కడ చలి పది డిగ్రీల లోపుకి దిగుతుంది. పలచటి గ్లౌజులు, చెవులు కప్పే బ్యాండ్, ఫుల్‌హ్యాండ్స్ కావాలి.)

దాహం వేయట్లేదని నీళ్లు మానకండి. గంట పరుగుకి ముందూ తర్వాతా బరువు చూసుకోండి. తగ్గిన ప్రతి కిలో ఒక లీటరు చెమట. జనవరిలో కూడా అర కిలో పైన తగ్గితే ఆశ్చర్యపోకండి, మన తేమ అలాంటిది.

ముక్కు కారడం వరకే ఉంటే నెమ్మదిగా 20 నిమిషాలు పర్లేదు. జ్వరం, ఛాతీలో కఫం, ఒళ్లంతా నొప్పులుంటే పూర్తిగా ఆపాలి, జ్వరం తగ్గాక కూడా రెండు రోజులు నడకే. పరుగయ్యాక పొడి దగ్గు, పిల్లికూతలు వస్తుంటే అది చలి కాదు, ఉబ్బసం తాలూకు లక్షణం కావచ్చు, డాక్టరుకి చూపించండి.

ఇక గాలి. ఇది మాత్రం నిజంగా చలికాలం సమస్యే. రాత్రి నేల త్వరగా చల్లబడి దాని పైనున్న గాలి వెచ్చగా ఉండిపోతుంది. ఆ వెచ్చటి పొర మూతలా కూర్చుంటే కింది పొగ, దుమ్ము పైకి పోవు. దానికి తోడు వైజాగ్ గిన్నె ఆకారం. దక్షిణాన యారాడ కొండ, ఉత్తరాన కైలాస కొండల వరస, మధ్యలో పోర్టు, పరిశ్రమలు, హైవే. ఎండ నేలని వేడెక్కించేదాకా ఆ మూత తీయదు.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వాళ్ల సమీర్ యాప్‌లో ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) చూస్తారు గదా, ఆ అంకె గత 24 గంటల సగటు. మీరు దిగబోయే గంటది కాదు. దాన్ని నొక్కి లోపల పీఎం 2.5 (ఊపిరితిత్తుల్లోకి పోయే సన్నటి ధూళి) గంటవారీ గ్రాఫ్ చూడండి. మన దేశంలో పీఎం 2.5కి 24 గంటల పరిమితి ఘనపు మీటరుకి 60 మైక్రోగ్రాములు, ఏక్యూఐలో 100 అంటే అదే. ఏక్యూఐ 100 లోపు ఉంటే మామూలుగా వెళ్లండి. 101–200 మధ్య ఉంటే వేగం పరుగులు మానేసి మాట్లాడగలిగేంత నెమ్మదిగా. 200 దాటితే ఆ రోజు ఇంట్లో మెట్లు, గుంజీలు. సర్జికల్ మాస్కు సన్నటి ధూళిని ఆపదు, ఎన్95తో పరుగు ఆయాసం. చోటు మార్చుకోవడమే మేలు. మీకు సముద్రం పక్కనే ఉంది కాబట్టి హైవే పక్కకి, హనుమంతవాక వైపుకి వెళ్లకండి, లాసన్స్ బే నుంచి తెన్నేటి పార్కు వైపు వెళ్లండి. గాజువాక, మల్కాపురం వాళ్లు ఆదివారం పొడవు పరుగుకి బీచ్ వైపు రావడమే నయం.

భోగి రోజు తెల్లారుజామున పరుగు పెట్టుకోవద్దు. ప్రతి వీధి మొదట్లో మంట, దాన్లో టైర్లూ ప్లాస్టిక్కూ కూడా పడతాయి. ఆ రోజుని విశ్రాంతి రోజుగా ముందే క్యాలెండర్లో రాసేసుకోండి.

ఉషోదయ జంక్షన్:

మూడూ చాలా ఉపయోగపడ్డాయండి. వేళ సంగతి అసలు తట్టనే లేదు. ఇంకో రెండు: సాయంత్రం గురించి ఎవరూ చెప్పలేదు. నవంబర్, డిసెంబర్‌లలో పోటీ అయిపోయాక పూర్తిగా చల్లబడిపోతాను, దానికేదైనా మార్గం ఉందా?

ఉక్కునగరం:

సాయంత్రం పరుగు తప్పేం కాదు. ఒంటి వేడి అప్పుడు గరిష్ఠానికి దగ్గరగా ఉంటుంది, కీళ్లు వదులుగా ఉంటాయి, వేగం పరుగులు బాగా కుదురుతాయి. ఇబ్బంది వెలుగుతోనే. నవంబర్ ఆఖర్లో సూర్యాస్తమయం 5:20కే, జనవరి మధ్యకి 5:40. ఆఫీసు వదిలేసరికి చీకటే. ఆ వేళకి ఆర్కే బీచ్‌లో పరిగెత్తే జాగా ఉండదు, మురీమిక్చర్ బళ్ల మధ్య గెంతాలి. నవంబర్ నుంచి నేవీ డే విన్యాసాల రిహార్సల్స్ ఉంటే మరీను. కుదిరితే వారానికి ఒక్కటి, లైట్లున్న శివాజీ పార్కు లాంటి చోట చుట్లు కొట్టడం వరకు పెట్టుకోండి. మిగతా మూడూ పొద్దున్నే.

పోటీ తర్వాత చల్లబడటానికి కారణం మామూలుదే. నేవీ మారథాన్‌లో 10 కిలోమీటర్లో, 21 కిలోమీటర్లో అయ్యాక వారం విశ్రాంతి అనుకుంటాం. ఆ వారం అయ్యేసరికి ధనుర్మాసం చీకటి వచ్చి కూర్చుంటుంది, తర్వాత పండగ ప్రయాణాలు. విశ్రాంతికి ముగింపు తేదీ లేకపోవడమే తప్పు. 10 కిలోమీటర్ల తర్వాత నాలుగు రోజులు, 21 తర్వాత పది రోజులు పరుగు లేకుండా నడక. తర్వాత మొదటి పరుగు ఏ రోజు, ఎన్నింటికి, ఎవరితో అన్నది పోటీకి ముందే రాసిపెట్టాలి. ‘ఎవరితో’ అన్నదే అందులో ముఖ్యం. తోడు ఒక్కరు చాలు, పది మంది గ్రూపులో ఎవరు రాలేదో ఎవరికీ పట్టదు. రాత్రి 9 దాటాక వాట్సాప్‌లో రద్దు చేయకూడదని ఒప్పందం. పొద్దున్న ఐదున్నరకి వచ్చే ‘ఇవాళ కాదు గురూ’ మెసేజే ఇద్దరి పరుగునీ చంపేది.

జనవరి, ఫిబ్రవరిల్లో పోటీ లేకపోయినా కొలత పెట్టుకోండి. చదునుగా ఉన్న ఒకే దారి, కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి సబ్‌మెరైన్ మ్యూజియం వైపు, వాచీలో 5 కిలోమీటర్లు. డిసెంబర్ ఆఖరి ఆదివారం ఒకసారి, జనవరి ఆఖర్లో, ఫిబ్రవరి ఆఖర్లో మళ్లీ. వారాన్ని మాత్రం ఇలా నడపండి: మంగళవారం 35 నిమిషాలు నెమ్మదిగా. గురువారం 35లోనే మధ్యలో ఆరుసార్లు ఒక్కో నిమిషం వేగం, నడుమ రెండేసి నిమిషాలు నెమ్మది. శనివారం 30. ఆదివారం 60తో మొదలెట్టి వారానికి 5 నిమిషాలు పెంచుతూ 80 దాకా, ఆ తర్వాతి వారం తిరిగి 60. వాచీలో గుండె వేగం కనిపిస్తే చూడండి, మేలో ఉక్కలో 150 కొట్టిన అదే వేగానికి జనవరిలో తక్కువ కొడుతుంది. ఆ తేడా శరీరం చల్లబరచుకునే పని తగ్గినందువల్ల. అదే నెలల్లో బలం కట్టుకుంటే మార్చి తేమ మొదటి నుంచి మొదలెట్టించదు.

పాతపోస్టాఫీసు:

షూస్ సంగతొకటి మర్చిపోయాను. చలికాలంలో చెమటకీ మంచుకీ తడిసిన షూస్ రాత్రికి ఆరవు. ఆ కంపు, ఆ తడి చూసే సగం మంది మర్నాడు వెనక్కి తగ్గుతారు. లోపలి మెత్తని అట్ట తీసి బయట పెట్టండి, షూస్‌లో న్యూస్ పేపర్ ఉండలు కుక్కండి, రెండు గంటలాగి తడి కాగితం తీసి కొత్తవి పెట్టండి, ఫ్యాన్ కింద ఉంచండి. ఎండలోనో గీజర్ పక్కనో పెడితే అడుగు జిగురు ఊడుద్ది. సముద్రం నీళ్లు తగిలినరోజు ముందు మంచినీళ్లతో తుడిచి అప్పుడు కాగితం. రెండు జతలుంటే మార్చి మార్చి వాడండి. జత 600–800 కిలోమీటర్లు దాటిందా అడుగున ముందు వేళ్ల దగ్గర రబ్బరు నున్నబడుద్ది, ఆ షూస్‌తో మంచు టైల్స్ మీదకి మాత్రం ఎక్కకండి.